పక్కన ఒక్క దీపం

మే 6, సోమవారం

ఈ మెరుపుతో వేగలేక చస్తున్నాను.

ముప్పై ఒక్క ఏళ్లు పెళ్లి ఫోటోలు తీశాను. పెళ్లికూతురి నుదురు చెమటకి మెరిస్తే కాస్త పౌడరు అద్దమనేవాణ్ణి, అంతటితో సరి. ఈ టాటూ కొట్టుకి వచ్చేవి అప్పుడే పచ్చబొట్టు పొడిచిన చేతులూ, వీపులూ, పిక్కలూ. ఎర్రగా వాచి, సూది పోట్లలోంచి నీరు ఊరుతూ ఉంటాయి. దాని మీద కొట్టు యజమాని జేసన్ గారు వేజలీను దట్టంగా పూసి మరీ నా ముందు కూర్చోబెడతాడు. దీపం వెయ్యగానే నూనె రాసిన బోడిగుండులా మెరుస్తుంది. బొమ్మ కనబడదు, మెరుపే కనబడుతుంది. పౌడరు అద్దుదామంటే అది చర్మం కాదు, పుండు. పుండుని అందంగా తియ్యమని నన్ను అడుగుతున్నారు.

మధ్యాహ్నం మా లూస్ దారి సూపు తెచ్చింది. పైన తేలే నూనె చుక్కలు చూసి పక్కన పెట్టేశాను. మేనకోడలి మొగుడు కాబట్టి జేసన్ ఉద్యోగం ఇచ్చాడు, మేనకోడలు కాబట్టి అది సూపు తెచ్చింది. ఇద్దరి మీదా కోపం తెచ్చుకునే హక్కు నాకు లేదు. అయినా వచ్చింది.

ఈ మనిసాలెస్ ఊళ్లో ఇప్పుడు పెళ్లికి ఫోటోలు తియ్యడానికి ఎవరూ పిలవరు. పెళ్లికి వచ్చిన ప్రతివాడి చేతిలోనూ ఫోను ఉంది.

మే 7

దొరికింది. రెండు దీపాల ముందూ వెలుతురుని వడగట్టే నల్లటి ఫిల్ము తగిలించాను. లెన్సు ముందు అలాంటిదే ఇంకోటి బిగించి మెల్లగా తిప్పుతూ పోతే ఒకచోట మెరుపు మొత్తం చచ్చిపోతుంది. మెరుపుతో పాటు ఎత్తుపల్లాలు కూడా పోతాయి. వాపు లేదు, నీరు లేదు, వెంట్రుకల మొదళ్లు లేవు. రంగు ఒక్కటే మిగులుతుంది. చెయ్యి చెయ్యిలా కాకుండా బొమ్మ అచ్చేసిన కాగితంలా ఉంటుంది.

జేసన్ తెర మీద చూసి ఈల వేశాడు. "మామయ్యా, ఇన్నాళ్లూ ఎక్కడ దాచావు ఈ విద్యని? ఇక నుంచి అన్నీ ఇలాగే తియ్యి."

మొదటి ఫ్రేము మాత్రం నా పద్ధతిలోనే తీస్తున్నాను. ఒకే దీపం, ఫిల్ము లేకుండా, పక్క నుంచి, చర్మం ఎత్తులో పెట్టి. వెలుతురు కొలత కోసం. మా గురువు దోన్ అనిబల్ నేర్పిన అలవాటు అది. "ముందు ఒక్క దీపంతో ఉన్నది ఉన్నట్టు చూడు. ఆ తర్వాత గిరాకీకి కావాల్సింది తియ్యి" అనేవాడు. ఆ ఫ్రేము ఎవరికీ చూపించను. ఆ దీపంలో మనిషి చర్మం చూడకూడదు. ప్రతి మొటిమా, ప్రతి గాటూ తన నీడతో సహా లేచి నిలబడుతుంది. రోత.

మే 9

చీప్రే కొండ అంచున బండి మీద అరెపాలనే మొక్కజొన్న రొట్టెలు కాల్చే రూబియేలా గారు వచ్చింది. అరవై రెండేళ్లు. ఈ వయసులో పచ్చబొట్టేమిటని నేను అడగలేదు, తనే చెప్పింది. ఆవిడ చెప్పని విషయం అంటూ ఉండదు.

"మా ఆయనకి నాకంటే పుంజు మీదే ప్రేమండీ ఎలియేసర్ గారూ. పందెంలో గెలిస్తే పుంజుని పక్కలో పడుకోబెట్టుకునేవాడు, ఓడితే నన్ను. ఇప్పుడు ఆయనా లేడు, పుంజూ లేదు. ఇద్దర్నీ కలిపి ఒక్క చేతి మీద పెట్టేసుకుంటే నా కళ్లముందే పడుంటారు కదా."

కుడి ముంజేతి మీద పుంజు. నల్లటి తోక ఈకలు, ఎర్రటి రొమ్ము, తల మీద ఎర్రటి తురాయి. ఒప్పుకోవాలి, జేసన్ చేతిలో విద్య ఉంది. నాలుగు గంటలు కదలకుండా కూర్చుంది కానీ నోరు మాత్రం ఆగలేదు. నేను దీపాలు సర్దుతుంటే నా సన్నటి చేతులు చూసి జాలిపడింది. "రేపు బండి దగ్గరికి రండి, వెన్న వేసి పెడతాను. పిండి కొద్దీ రొట్టె అంటారు, మీకు ఆ పిండి కూడా ఉన్నట్టు లేదు."

నవ్వాను. చాలా రోజులైంది.

మే 11

పొద్దుటి నుంచీ మబ్బు గదిలోకి వచ్చి కూర్చుంది. ఎంత మంచి వెలుతురో. ఎవరూ రాలేదు.

మే 25, శనివారం

మానిన పచ్చబొట్టు ఫోటో వేరే తియ్యాలి. కొత్తది ఎవడైనా పొడుస్తాడు, మానాక ఎలా ఉందన్నదే పనితనం అంటాడు జేసన్. అందుకని రూబియేలా గారిని మళ్లీ పిలిపించాడు.

కొలత ఫ్రేము తీశాను. కొలత సరిపోయింది. ఫిల్ములు తగిలించి మిగతావి తీశాను.

"కాస్త దురదగా ఉంటోందండీ," అంది చెయ్యి చాచి ఉంచి. "రాత్రిళ్లు మరీను. మీరు అద్దాలు పెట్టుకుని అంత దగ్గర్నుంచి చూస్తున్నారు కదా, ఏమైనా కనబడుతోందా మీకు?"

"ఏమీ కనబడటం లేదు" అన్నాను.

నిజంగానే చివరి ఫోటోలో ఏమీ లేదు. తురాయి ఎర్రటి పట్టుగుడ్డలా ఉంది.

నాకేమీ కనబడలేదు.

మే 29

జేసన్ ఆ ఫోటోని గోడంత చేయించాడు. కొట్టు గుమ్మం ఎదురుగా పెట్టాడు. కింద మూలన చిన్న అక్షరాల్లో నా పేరు వేయించాడు: ఎలియేసర్ ఒకాంపో. నేను తీసిన ఫోటో అంత పెద్దగా ఎప్పుడూ చూడలేదు. పెళ్లి ఫోటోలు ఎంత పెద్దవి చేసినా పడగ్గది గోడని దాటి పోలేదు. ఇది వీధిలోకి కనబడుతోంది. రెండుసార్లు ఊరికే బయటికి వెళ్లి వచ్చాను, సిగరెట్టు తాగే అలవాటు లేకపోయినా.

జూన్ 8

టాటూ కొట్లవాళ్ల ప్రదర్శన. ఒక పాత గోదాములో పెట్టారు. ఎటు చూసినా తడి చర్మాలూ, మిషన్ల రొదా, వేజలీను వాసనా. ఒకడు తన పొట్ట మీది బొమ్మ చూపించడానికి అందరి మధ్యా చొక్కా ఎత్తుకుని తిరుగుతున్నాడు, ఇంకో చేత్తో వేయించిన పంది చర్మం నములుతూ. మనిషి చర్మం, పంది చర్మం, రెండూ ఒకే మెరుపు. బయటికి వచ్చి గాలి పీల్చుకున్నాను.

'మానిన పని'లో మొదటి బహుమతి మన పుంజుకే. ఎర్ర రంగు ఇంత నున్నగా మానడం ఎప్పుడూ చూడలేదన్నారు న్యాయనిర్ణేతలు. వాళ్లు చూసింది ఫోటోనే.

ఆ ఫోటో గోడకెక్కినప్పటి నుంచీ అందరికీ ఎరుపే కావాలి. వారంలో ఎనిమిది మంది. గులాబీలు, గుండెకాయలు, పెదవులు.

జూన్ 12

రూబియేలా గారు శాలువాతో చెయ్యి కప్పుకుని వచ్చింది. తీసి చూపించింది. తురాయి, రొమ్ము, ఎరుపు ఉన్నచోటల్లా గట్టిగా ఉబ్బి ఉంది. పైన పొట్టు రేగుతోంది. చూపు పక్కకి తిప్పుకున్నాను.

"నా పుంజుకి తురాయి నిజంగానే మొలిచింది నాయనా" అని నవ్వబోయింది కానీ నవ్వు రాలేదు.

జేసన్ చెయ్యి ముట్టుకోను కూడా లేదు. "పంది మాంసం తిన్నావా అమ్మా?"

ఆవిడ తలదించుకుంది. ఇక్కడ పచ్చబొట్టుకి పత్యం ఉందని పసివాడికీ తెలుసు. పంది కూడదు, చేప కూడదు, గుడ్డు కూడదు. మరి ఆవిడ బండి మీద పొద్దస్తమానం వేయించేది పంది చర్మమే. "ఒక ముక్క... ఉప్పు సరిపోయిందో లేదో చూడటానికి" అంది దొంగతనం చేసినదానిలా.

"అదీ సంగతి. నా పనిలో తప్పుంటే ఇది ఎలా వస్తుంది చెప్పు?" అని భుజం పట్టుకుని గోడ మీది ఫోటో ముందుకి తీసుకెళ్లాడు. "చూడు, రెండు వారాల తర్వాత తీసింది. అద్దంలా ఉంది. నీ చేతికి నువ్వే తెచ్చుకున్నావు."

ఆవిడ ఫోటో చూసింది, చెయ్యి చూసుకుంది, మళ్లీ ఫోటో చూసింది. ఫోటోనే నమ్మింది.

"నిజమే నాయనా. నా నోరే నాకు శత్రువు."

నేను లెన్సు తుడుస్తున్నాను. చాలా సేపు తుడిచాను.

జూన్ 13

వెలుతురు నా పని. చర్మం నా పని కాదు.

జూన్ 19

బస్సు డ్రైవరు ఒకడు మెడ మీద ఎర్ర పెదవులు పొడిపించుకుని ఉన్నాడు, మానిన ఫోటో కోసం వచ్చాడు. ఆ పెదవులు నిజం పెదవుల్లాగే పైకి లేచి ఉన్నాయి. "ముద్దుకి వాచినట్టుంది కదా సార్" అని వాడే జోకు వేసుకున్నాడు. తనకీ పంది మాంసం ఇష్టమేనట.

ఈ ఊళ్లో పంది మాంసం ఇష్టం లేనివాడు ఎవడు?

నున్నగా తీసి ఇచ్చాను.

జూన్ 26

చీప్రేకి వెళ్లాను. ఎందుకు వెళ్లానో తెలియదు. అరెపా తిందామని, అంతే.

రూబియేలా గారు చిక్కిపోయింది. కుడి చేతికి గుడ్డ చుట్టుకుని ఎడమ చేత్తో పిండి తట్టుతోంది. అరెపాలు ఓ మూల లావుగా, ఓ మూల పలచగా ఉన్నాయి. పంది మానేసిందట, గుడ్లు మానేసిందట, మొన్నటి నుంచి చిక్కుడు గింజలు కూడా మానేసిందట. బెల్లం నీళ్లూ, ఉత్త అరెపా.

"ఆసుపత్రికి వెళ్లలేదా?" అన్నాను.

"వెళ్లానండీ. డాక్టరమ్మ చిన్నపిల్ల, మంచిది. మొదట్లో ఎలా ఉండేదో ఫోటో ఉందా అని అడిగింది. మీరు తీసిన ఆ గోడ మీది ఫోటో నా ఫోన్లో ఉంది కదా, చూపించాను. రెండు వారాలకి ఇంత బాగుంటే రంగు తప్పు కాదమ్మా, ఆ తర్వాత నువ్వేదో పూసి ఉంటావు, అంది. అవును, నిమ్మరసం పూశానండీ, ఉప్పుతో. ఇక ఆవిడ దానికే మందు రాసింది." పిండి తట్టడం ఆపింది. "తగ్గలేదు. పర్లేదులెండి, జేసన్ బాబు దేవుడు. జులై ఆరున రమ్మన్నాడు. దాని మీదే మళ్లీ ఇంకో పూత ఎరుపు పొడుస్తాడట, సర్దుకుంటుందట. తినండి, చల్లారిపోతుంది."

వెన్న వేసి ఇచ్చింది. ఒక ముక్క తుంచి ఆగాను. గుడ్డలోంచి పసుపుపచ్చగా ఏదో ఊరి ఉంది. వెన్నా అదే రంగు.

జూన్ 27

కొలత ఫ్రేములు నేను ఉంచుకోను. ఎప్పటివి అప్పుడే చెరిపేస్తాను.

జులై 1

లూస్ దారి బట్టలు మడతపెడుతూ అడిగింది. "మామయ్యా, మే నెల ఫోటోలు అన్నీ ఉన్నాయా నీ దగ్గర?"

"మంచివి ఉన్నాయి. మిగతావి చెరిపేశాను."

"నువ్వా?" అంది. "విడాకులు తీసుకున్నవాళ్ల పెళ్లి నెగెటివులు కూడా బూట్ల డబ్బాల్లో దాచినవాడివి."

 అది ఇంకో చొక్కా మడిచింది.

"నలుపుతో ఎవరికీ ఏమీ కాలేదు. ఎరుపుతోనే. ఏప్రిల్లో ఆయన ఎర్ర రంగు సీసా మార్చాడు. నేనడిగితే, నీకేం తెలుసు పంది మాంసం వల్లే అంటాడు." మడతలు ఎత్తుకుని లేచింది. "నేను చెబితే పెళ్లాం సాధింపు అంటారు. నా దగ్గర చూపించడానికేమీ లేదు మరి."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అది వెళ్లగానే లేచి కెమెరా సంచీ జిప్పు బిగించాను.

జులై 4, గురువారం

రాస్తున్నాను, ఎవరూ చదవరు కాబట్టి.

చెరపలేదు. ఒక్కటి కూడా చెరపలేదు. అన్నీ ఉన్నాయి, తారీఖులతో సహా.

మే 25 కొలత ఫ్రేము తెరిచాను. పుంజు తోక నల్లగా చదునుగా ఉంది. తురాయి అంచు వెంబడి సన్నటి నీడ ఉంది, చుట్టూ గీసినట్టు. రొమ్ము మీద చిన్న చిన్న గుట్టలు, ఒక్కోదానికి ఒక్కో నీడ. ఆ రోజు కెమెరా వెనక తెర మీద అది చూశాను. ఆవిడ దురద అని చెప్పడానికి ముందే చూశాను. చూసి, గబగబా ఫిల్ములు తగిలించాను. ఆవిడ 'ఏమైనా కనబడుతోందా' అన్నప్పుడు నా కళ్లు ఇంకా దాని మీదే ఉన్నాయి.

పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుందంటారు. నేను కళ్లు మూసుకోవడానికి రెండు దీపాలూ మూడు ఫిల్ములూ వాడాను.

మేనకోడలి కాపురం కోసం ఊరుకున్నానని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. అది కాదు. ఫోటో బాగా వచ్చింది, అందుకు. బాగా వచ్చిన ఫోటోని పాడుచేసుకోలేకపోయాను. గోడ మీద పేరు వస్తుందని అప్పటికి తెలియను కూడా తెలియదు. ఫోటో బాగుంది, అంతే. ఆ ముసలావిడ చెయ్యి కుళ్లిపోతుంటే నేను సిగరెట్టు తాగేవాడిలా బయట నిలబడి నా పేరు చదువుకున్నాను.

నా మీద నాకే వాంతి వస్తోంది. జేసన్ మీద ఇంత రాలేదు.

జులై 6, శనివారం

నేను వెళ్లేసరికి ఆవిడ కుర్చీలో కూర్చుని ఉంది. చిన్న గిన్నెలో ఎరుపు పోసి ఉంది. జేసన్ చేతితొడుగులు వేసుకుంటున్నాడు.

నేను మాట్లాడటం మొదలుపెడితే మాట తడబడుతుందని తెలుసు. అందుకని గదిలో దీపాలన్నీ ఆర్పేసి, నా ఒక్క దీపం తెచ్చి ఆవిడ చేతి పక్కన, చర్మం ఎత్తులో పెట్టి వేశాను.

"ఏంటి మామయ్యా ఇది?" అన్నాడు జేసన్.

"చూడు."

చూశాడు. ఎవరూ చూడాలనుకోని విధంగా ఉంది. తురాయి నీడ మణికట్టు దాకా పడింది.

"ఆ దీపంలో పెడితే పసిపిల్ల బుగ్గ కూడా గుంటలు గుంటలుగానే ఉంటుంది. నువ్వే చెప్పేవాడివి."

"నల్ల తోక చూడు. దీపం అదే, చెయ్యి అదే, పొడిచింది నువ్వే. నలుపుకి నీడ ఉందా? పంది మాంసం తింటే ఎరుపు ఒక్కటే ఎందుకు లేస్తుంది?" కొలత ఫ్రేములు అచ్చు వేయించి తెచ్చాను. ఒక్కొక్కటే బల్ల మీద పరిచాను. పుంజు. పెదవులు. రెండు గులాబీలు. గుండెకాయ. "అన్నీ మే నెల నుంచీ తీసినవి. అన్నిట్లోనూ ఎరుపు లేచింది. మళ్లీ ఎరుపు పొడిచావంటే ఈ చెయ్యి పోతుంది."

"ఇంట్లో ఉంచుకుని తిండి పెట్టినందుకా ఇది?"

"అవును, అందుకే ఇన్ని రోజులు పట్టింది."

లూస్ దారి తలుపు దగ్గర నిలబడి ఉంది. వచ్చి ఎర్ర గిన్నె తీసి చేతులు కడిగే తొట్టిలో ఒంపేసింది. కుళాయి తిప్పింది.  జేసన్ తొడుగులు విప్పి నేల మీద కొట్టి బయటికి వెళ్లిపోయాడు.

రూబియేలా గారు ఆ గోలంతా వినడం లేదు. బల్ల మీది అచ్చు ఒకటి చేతిలోకి తీసుకుంది. కింద తారీఖు ఉంది. వేలితో ఒక్కో అంకె మీదా పెట్టి చదివింది.

"ఇది ఆ రోజుదేనా?"

"అవునండీ."

"నేను మిమ్మల్ని అడిగిన రోజు."

"అవును."

"అడగక ముందు తీశారా, అడిగాక తీశారా?"

"ముందు."

ఆవిడ అచ్చుని జాగ్రత్తగా మడిచి రవికలో పెట్టుకుంది. లేచింది. గుమ్మం దగ్గర గోడంత ఫోటో పక్క నుంచే వెళ్లింది, దాని వైపు చూడలేదు. నా వైపూ చూడలేదు.

జులై 9

కొట్టు వెనక నేనుంటున్న గది ఖాళీ చేశాను. చీప్రే దగ్గరే ఒక మేడ మీది గది దొరికింది. లూస్ దారి బూట్ల డబ్బాలన్నీ మోసిపెట్టింది. ఎరుపు పొడిపించుకున్న మిగతావాళ్లందరినీ తనే ఇంటింటికీ వెళ్లి ఆసుపత్రికి పంపుతోందట. జేసన్ సీసా ఎక్కడ కొన్నాడో డాక్టరమ్మకి ఇంకా చెప్పడం లేదు. చెప్పేదాకా ఇంట్లో పొయ్యి వెలగదంది.

జులై 13, శనివారం

తలుపు చప్పుడైతే తీశాను. రూబియేలా గారు. చేతిలో డాక్టరమ్మ చీటీ ఉంది. ఒంటికి పడని రంగేనట. చర్మంలోనే సూదిమందు ఇస్తున్నారు, నెలలు పడుతుంది. తగ్గుతోందో లేదో తెలియాలంటే ప్రతివారం అదే దీపంతో, అదే దూరం నుంచి ఫోటో కావాలి. అలాగని చీటీలో రాసి ఉంది. తిండికి పత్యమేమీ లేదని కూడా రాసి ఉంది, దాని కింద రెండుసార్లు గీత గీసి ఉంది. ఆ గీతలు డాక్టరమ్మవి కావు, సిరా వేరు.

కుర్చీలో కూర్చుని చెయ్యి చాచింది. దీపం పక్కన పెట్టాను. ఒక్క మాట మాట్లాడలేదు. నాలుగు గంటలపాటు నోరు ఆగని మనిషి.

జులై 20

వచ్చింది. మాట్లాడలేదు. నీడ అంతే ఉంది.

జులై 27

వచ్చింది. చెయ్యి దగ్గర నుంచి వేయించిన పంది చర్మం వాసన వచ్చింది. తింటోందన్నమాట. నాకు ఈసారి రోత పుట్టలేదు. మాట్లాడలేదు.

నీడ అంతే ఉంది.

ఆగస్టు 3, శనివారం

కొలబద్ద పెట్టి చూశాను, నాలుగు వారాల అచ్చులూ పక్కపక్కన పెట్టి చూశాను. తురాయి నీడ ఒక వెంట్రుకవాసి తగ్గింది. ఉందనుకుంటే ఉంది, లేదనుకుంటే లేదు. మళ్లీ కొలిచాను. ఉంది.

"తగ్గిందండీ, కొంచెం" అన్నాను.

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుని గుడ్డ చుట్టుకుంది. లేచి తలుపు దాకా వెళ్లి, ఇన్ని వారాల తర్వాత మొదటిసారి నా మొహం వైపు తిరిగింది.

"కనబడిందా మీకు?" అంది.